పేరు తర్వాత చెప్తరట

జుఫైర్ల రాత్రి డ్యూటీ.
నేవీ వాళ్ల బట్టలు మిషిన్ల మలుగుతున్నయ్.
డిసెంబర్ సలి. తలుపు సందుల నుంచి ఉప్పు వాసన.
శశీంద్రన్ ఫోన్ చూసుకుంట అన్నడు:
‘లింబాద్రీ, నీ కొంగలు షార్ట్‌స్టాప్‌ని ఇచ్చేసినయ్.’

ఇచ్చేసుడేంది?
తొమ్మిదేండ్లు
రెండో బేసుకు మూడో బేసుకు నడుమ మట్టిని
సొంత మడి లెక్క ఎరిగినోడు, కిరోస్.
బంతి కోసం చూడడు,
కర్ర చప్పుడు వినే కదుల్తడు.
గసొంటోన్ని ఇచ్చేసుడా?

మీకు నవ్వొస్తదని తెలుసు.
మాది మల్లాపూర్ దిక్కు, తునికాకు వాసన పట్టిన ఇల్లు.
బేస్‌బాల్ ఎక్కడ, నేనెక్కడ.
ఎవరో సెయిలర్ టోపీ ఇడిసిపెట్టి పోయిండు,
టోపీ మీద ఒంటికాలి కొంగ.
టోకెన్ నంబర్ ఆరువందల పద్దెనిమిది.
తొంభై దినాలు లాకర్ల దాసిన. రాలే.
పెట్టుకున్న.
పెట్టుకున్నంక, ఎవరి కొంగనో ఎరుక కావద్దా?
గట్ల మొదలైంది.
తెల్లారగట్ల మూడింటికి మ్యాచులు,
ఇస్త్రీ పొగల పదకొండు సీజన్లు.

ఇగ ఆ ఎడమచెయ్యి పిచ్చర్ సంగతి.
ముప్పై నాలుగేండ్లు.
మోచెయ్యి రెండుసార్లు కోసి కుట్టిండ్రు.
ఐదేండ్ల కాంట్రాక్ట్ రాసిచ్చిండ్రు మావోళ్లు!
నీళ్లల్ల బర్రెను బేరం చేసుడంటె ఇదే,
కొమ్ములు చూసి పైసలు కట్టుడు.
నాకు రెండేండ్లకోసారి మెడికల్,
ఎక్స్‌రేల ఇంత మచ్చ కనవడితె
విమానం ఎక్కిచ్చుడే.
వాని మచ్చకు మిలియన్లు.
కోపం కాదు. అడుగుతున్న, అంతే.

‘ఫ్రీ ఏజెంట్’ అని మొదటిపారి విన్నప్పుడు
ఆజాద్ వీసా అనుకున్న.
మా భూమేశ్ గట్లనే వచ్చిండు కదా,
లక్షా నలభై వేలు మిత్తికి తెచ్చి కట్టి.
ఏ కంపెనీ వాడూ కాడు,
ఏ కంపెనీకీ అక్కర లేడు.
ఇప్పుడు సిత్రల పడవల రేవు ఎనక పంటడు,
పోలీసు బండి మలిగితె లేస్తడు.
కల్లివెల్లి.
ఆడ ఫ్రీ ఏజెంట్ అయితె
ఏడు పట్నాలోళ్లు విమానాలు పంపుతరట,
పెండ్లాం పిల్లలకు ఇల్లు చూపిస్తరట.
భూమేశ్‌కు చెప్తె నవ్వి
‘నాదే చెయ్యి బాగుంటది, బంతి ఇయ్యమను’ అన్నడు.

సరే, కిరోస్‌కు బదులు ఏమొచ్చింది?
ఇద్దరు పోరగాండ్లు, పందొమ్మిదేండ్లోళ్లు.
ఇంకొకడు.
‘ఇంకొకడంటె ఎవడు?’
‘పేరు తర్వాత చెప్తరట.’

మిషిన్ ఆగింది.
నేను మూత తియ్యలే.

బొంబాయిల ఏజెంట్ ఆఫీసు యాదికొచ్చింది.
గోడకు అంటిచ్చిన కాయితం:
లాండ్రీ హెల్పర్లు, పదిమంది.
తొమ్మిది పేర్లు టైపు కొట్టినయ్.
పదో పేరు మీద తెల్లరంగు పూసి
పెన్నుతోని రాసిండ్రు నన్ను.
ఆ రంగు కింద ఉన్నోడు ఎవడో, ఏ ఊరోడో,
మెడికల్ల పోయిండో, మనసు మార్చుకున్నడో,
గోటితోని గీకుదామనుకున్న. భయమైంది.

ఆ మూడోవాడు ఈ యాళ్ల
ఏదో చిన్న ఊర్ల బంతి ఏరుకుంట ఉంటడు.
వానికి తెల్వదు, వాన్ని అమ్మిండ్రని.

రోమెల్ తువాలలు మడత పెట్టుకుంట అన్నడు,
మార్చిల ఈ లాండ్రీ టెండర్ గూడ
వేరే కంపెనీకి పోతదట.
మిషిన్లు వాళ్లకే.
మనుషుల సంగతి
ఇంకా ఏం చెప్పలేదట.

కొంగ టోపీని ఎన్నడూ మిషిన్ల వెయ్యలే నేను,
గోరువెచ్చని నీళ్లల్ల చేతితోని పిండుత.
ఈ రాత్రి గూడ పిండి, పైపుకు తగిలేసిన.
శశీంద్రన్ అడిగిండు,
‘ఇప్పుడు కిరోస్ ఎనక పోతవా, కొంగ ఎనకనా?’

జవాబు చెప్పలే.
నాకైతె ఆ ఎడమచెయ్యోని
మోచెయ్యి మీదనే రంది.
ఏప్రిల్ సలికి
ఎట్ల ఇసురుతడో ఏమో.